శ్రీశైలం దారిలో నాలుగు రోజులు: సైకిలు జట్టు మర్యాదలు

ఈ ప్రయాణం హైదరాబాదు శివారు తుక్కుగూడలో మొదలై మార్కాపురం రోడ్డు రైల్వేస్టేషన్‌లో ముగుస్తుంది. మధ్యలో కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, నల్లమల అడవి, కృష్ణ మీద ఆనకట్ట, శ్రీశైలం, దోర్నాల వస్తాయి. మొత్తం సుమారు 275 కి.మీ. గట్టి కాళ్లున్నవాళ్లు రెండు రోజుల్లో తొక్కేస్తారు. కానీ అడవి గేట్లకు వేళలున్నాయి, జట్టులో అందరి కాళ్లూ ఒకటి కావు, శ్రీశైలం దాకా వెళ్లి మల్లన్నను చూడకుండా వచ్చేవాళ్లు ఉండరు. అందుకే ఇక్కడ నాలుగు రోజులకు సర్దాం. నవంబరు నుంచి జనవరి దాకా ఈ దారికి మంచి కాలం.

బయల్దేరే ముందు ఆదివారం

జట్టులో ఆరుగురు దాటితే రెండు జట్లు చేయండి. లెక్క ఇది: సైకిలు పొడవు 1.7 మీటర్లు, మధ్య ఖాళీ ఒక మీటరు అనుకుంటే ఆరు సైకిళ్ల వరస 15 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. పన్నెండు సైకిళ్లయితే 31 మీటర్లు దాటుతుంది. రెండు వరసల రోడ్డు మీద లారీ డ్రైవరు 15 మీటర్లను దాటి తన వరసలోకి రాగలడు. 31 మీటర్లను దాటుతుంటే ఎదురుగా బస్సు కనిపించిందంటే అతనికి మిగిలే దారి ఒక్కటే, వరస మధ్యలోకి దూరడం. రెండు జట్ల మధ్య కనీసం 100 మీటర్లు వదిలితే లారీకి వచ్చి చేరే చోటు దొరుకుతుంది. డ్రైవర్లతో గొడవలు చాలావరకు ఈ ఒక్క సర్దుబాటుతో తప్పుతాయి.

జట్టుగా తొక్కడం కొత్త అయితే ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ మీద ఒక పూట సాధన చేయండి. 2023 అక్టోబరులో తెరిచిన ఆ ట్రాక్ 23 కి.మీ., వెడల్పు 4.5 మీటర్లు. ఆదివారం పొద్దున అక్కడ పిల్లలుంటారు, మొన్ననే సైకిలు కొన్నవాళ్లుంటారు. అందుకని అక్కడ వేగం సాధన చేయకూడదు. తిన్నగా పోవడం, మాట అందించడం, ముందున్న చక్రానికి దూరం చూసుకోవడం, ఈ మూడే నేర్చుకోవాలి.

మాటలు ముందే ఖాయం చేసుకోండి. ఒక్కోటి ఒక్క ముక్కలో అయిపోవాలి: "గుంత", "కంకర", "ఆగుతున్నా", "వెనక బండి", "ఖాళీ". ముందువాడు అన్నది రెండోవాడు మళ్లీ అనాలి, అలా చివరిదాకా పోవాలి. "వెనక బండి", "ఖాళీ" మాత్రం చివరినుంచి ముందుకు వస్తాయి. చేతి సైగలు మూడు చాలు: గుంత ఉన్న వైపు వేలు కిందికి చూపడం, అరచేయి పైకెత్తితే ఆగడం, ఎడమపక్క ఆగిన బండి ఉంటే చేయి నడుం వెనక పెట్టి కుడికి ఊపడం. రెండు చేతులూ బ్రేకు మీద ఉండాల్సిన చోట సైగ వద్దు, నోటితోనే చెప్పండి. ప్రతి చిన్న గీతకూ "గుంత, గుంత" అని అరిచేవాడి మాట పది కిలోమీటర్ల తర్వాత ఎవరి చెవికీ ఎక్కదు, అసలు గుంత వచ్చినప్పుడు అదే ప్రమాదం. చక్రం విరిచేదో, మనిషిని పడేసేదో అయితేనే చెప్పాలి.

సామాను విషయంలో మొహమాటం పనికిరాదు. తన టైరు సైజుకు, తన వాల్వుకు సరిపడే ట్యూబులు రెండు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది, అదీ ఎవరిది వాళ్లదే. జట్టు మొత్తానికి కలిపి: రెండు రకాల వాల్వులకూ పనికొచ్చే పంపు, మూడు టైర్ లివర్లు, ప్యాచ్ పెట్టె, చైన్ కట్టర్ ఉన్న మల్టీటూల్, జట్టులోని చైన్ల స్పీడుకు తగ్గ క్విక్ లింకులు (తెగిన చైన్‌ను కలిపే ముక్కలు). పల్లెల్లోని పంక్చర్ షాపుల వాళ్లు ప్యాచ్ చక్కగా వేస్తారు. కానీ సన్న ప్రెస్టా వాల్వుకు వాళ్ల కంప్రెసర్ మూతి అమరదు, రోడ్డు సైకిళ్ల 700సీ సైజు ట్యూబు వాళ్ల దగ్గర దొరకదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకు బిగించుకుని వెళితే ఆ ఇబ్బంది తీరుతుంది. ట్యూబు లేకుండా వచ్చినవాడు నిజానికి పక్కవాడి రెండో ట్యూబును ముందే తీసేసుకున్నట్టు.

తలా 500 రూపాయలు ఒకరి దగ్గర పోగు చేయండి. 10, 20, 50 నోట్లుగా మార్చండి. అడవి మధ్యలో ఫోనుకు సిగ్నల్ నమ్మకం లేదు. టీ తాగి "ఫోన్‌పే పోవట్లేదు" అని నిలబడితే ఆ చిన్న దుకాణం ఆమె ఏం చేస్తుంది?

మొదటి రోజు: తుక్కుగూడ – మన్ననూరు, సుమారు 115 కి.మీ.

పొద్దున 5:30కు చక్రం కదలాలంటే 5:15కు అందరూ అక్కడ ఉండాలి. గాలి కొట్టుకోవడం, బోల్టులు చూసుకోవడం, చైన్‌కు నూనె వేసుకోవడం రాత్రి ఇంట్లో చేయాల్సిన పనులు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 70–80 పీఎస్ఐ, 32 మి.మీ. అయితే 55–65 సరిపోతుంది. ఒక్కడు అక్కడికొచ్చి పంపు అడిగితే మిగతా ఐదుగురు చీకట్లో లారీల రోడ్డు పక్కన నిలబడి ఉండాల్సి వస్తుంది.

చీకట్లో లైట్ల మర్యాద ఒకటుంది. ముందు లైటు కాంతి నడిబొడ్డు 8–10 మీటర్ల దూరంలో నేల మీద పడాలి. అంతకన్నా పైకెత్తితే ఎదురొచ్చే పాలబండి ఆయనకు కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆయన తిన్నగా మీ మీదికే వస్తాడు. వెనక ఎర్రలైటు మిణుకుమిణుకుమనేలా పెట్టుకోవాల్సింది చివరివాడొక్కడే. మధ్యలోని వాళ్లు తక్కువ వెలుగులో నిలకడగా ఉంచాలి. గంటసేపు కళ్ల ముందు మిణుకుతున్న ఎర్రలైటు వెంట తొక్కినవాడికి తలనొప్పి వస్తుంది, దూరం అంచనా కూడా తప్పుతుంది.

కందుకూరు దాటాక జట్టు ఒక వరసలోకి కుదురుకోవాలి. పక్కపక్కన ఇద్దరు తొక్కుతూ కబుర్లాడటం ఖాళీ పల్లె రోడ్డు మీద ముచ్చటగా ఉంటుంది, ఈ రోడ్డుకు అది తగదు. తెల్లగీత అవతల తారు బాగుంటే దాని మీదే పోండి. అది తెగిపోయే చోట్ల, కల్వర్టుల దగ్గర, వెనక చూసుకుని ముందుగానే రోడ్డు మీదికి రండి. ఆఖరి క్షణంలో చటుక్కున రావడం వల్లే బస్సులు హారను మోత మోగిస్తాయి.

ముందు చక్రం ఎక్కడుండాలన్నది ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన సంగతి. మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు ఎన్నడూ చేరకూడదు, దాని వెనకే ఉండాలి. రెండు చక్రాలూ రాసుకుంటే పడేది వెనకవాడే, ఎందుకంటే తిరిగిపోయేది అతని హ్యాండిలు. ముందువాడికి చాలాసార్లు ఏదో తగిలిందని కూడా తెలియదు. కొత్తవాళ్లకు ఒక మీటరు దూరం, అలవాటైన వాళ్లకు అర మీటరు. అంతకన్నా దగ్గరికి పోతే మిగిలే శ్రమ చాలా కొంచెం, ప్రమాదం మాత్రం ఎక్కువ.

ముందున్నవాడికి బాధ్యతలు ఎక్కువ. పెడలు ఆపేయకూడదు, వేగం తగ్గించాలంటే కాలు ఊరికే తిప్పుతూ తగ్గించాలి. బ్రేకు పట్టాలంటే ముందు "ఆగుతున్నా" అనాలి. సీటు మీంచి లేచి తొక్కబోతే ఇంకా జాగ్రత్త: లేచే క్షణంలో సైకిలు ఒక జానెడు వెనక్కి జారినట్టవుతుంది, వెనకవాడి చక్రం దగ్గరగా ఉంటే తగులుతుంది. లేచే ముందు ఒక గేరు బరువు చేసుకుని, పెడల్ పైనుంచి కిందికి దిగే సమయంలో బలం వేస్తూ లేస్తే ఆ జారడం ఉండదు. నీళ్లు తాగడం, జర్కిన్ విప్పడం, ఫోను చూడటం లాంటివి వరస చివరికి చేరాక చేసుకోండి.

ముందు తొక్కే వంతు మూడు నాలుగు నిమిషాలు చాలు. దిగిపోవాలంటే మోచేయి ఊపండి. చివరివాడు "ఖాళీ" అన్నాకే పక్కకు జరగండి. వేగం గంటకు రెండు కిలోమీటర్లు తగ్గిస్తే జట్టు దానంతట అదే మిమ్మల్ని దాటిపోతుంది. ఇక్కడ తరచూ తప్పు చేసేది కొత్తగా ముందుకొచ్చినవాడు. అప్పటిదాకా గాలి తగలక కాళ్లు తేలిగ్గా ఉండటంతో 24లో పోతున్న జట్టును 27కు లాగుతాడు. దిగినవాడు అప్పుడే అలసి ఉన్నాడు, చివర పట్టుకోలేక వదిలేస్తాడు. మీటరులో ముందువాడి వేగం ఎంతుందో అంతే ఉంచండి. బలం మరీ ఎక్కువగా ఉంటే వేగం పెంచొద్దు, నాలుగు నిమిషాల వంతును ఎనిమిది చేయండి. బలమున్నవాడు జట్టుకు చేయగల మేలు అదే. బలం తక్కువైనవాడు ముప్పై సెకన్లు తొక్కి దిగిపోయినా, అసలు ముందుకు రాకపోయినా తప్పేమీ లేదు. అతన్ని చివర వదిలేయకుండా మూడో స్థానంలో ఉంచండి, అక్కడ గాలి దెబ్బ తక్కువ, కుదుపులూ తక్కువ.

ఉమ్మాలన్నా, ముక్కు చీదాలన్నా చివరికి పోయి, గాలి వీచే వైపు చూసుకుని, ఎడమపక్క మట్టి మీదికి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పి తీరాల్సిన మాట ఇది.

కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ ప్రాంతంలో కోతల కాలంలో వడ్లు, మక్కలు రోడ్డు అంచున ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పెట్టి. అక్కడ సైకిలు దిగాల్సిన పనిలేదు కానీ గింజల మీదినుంచి మాత్రం పోవద్దు. అది ఒక ఇంటి ఏడాది పంట. పైగా మక్కగింజ గోళీలాంటిది, సన్న టైరు దాని మీద జారి పడేస్తుంది. రాళ్లను కాలితో తన్నకండి. ముందువాడు "గింజలు" అని చెప్పి, వెనక చూసుకుని, మొత్తం జట్టును కుడికి తెచ్చి, దాటాక మళ్లీ ఎడమకు తేవాలి.

గొర్రెల మంద ఎదురైతే 30 మీటర్ల ముందే ఆగండి. గంట కొట్టొద్దు. చప్పుడుకు గొర్రె ఒకటి అటు దూకితే మందంతా దాని వెంట దూకుతుంది, లారీ కిందికైనా సరే. గొల్లాయన మిమ్మల్ని చూసి మందను ఒక పక్కకు తోసి చేయి ఊపుతాడు, అప్పుడు నడక వేగంతో దాటండి. "దండం తాతా" అనో "పోతమన్నా" అనో ఒక మాట అనండి. ఆవులు, గేదెలు రోడ్డు దాటుతుంటే వాటి వెనకనుంచి పోవాలి. ముందునుంచి పోతే బెదిరి వెనక్కి తిరుగుతాయి.

మహాశివరాత్రికి ముందు వారాల్లో వెళితే ఈ రోడ్డు పొడుగునా శివస్వాములు నడుస్తూ కనిపిస్తారు. చెప్పులుండవు, అంచున తెల్లగీత మీదే నడుస్తారు, వీపు మీకే ఉంటుంది. మెత్తగా ఉన్న ఆ గీతే వాళ్ల పాదాలకు చల్లన. వాళ్లను మట్టి మీదికి దింపే హక్కు మనకు లేదు, మనమే రోడ్డు మీదికి పోయి దాటాలి. 20 మీటర్ల దూరంలో గంట ఒకసారి, దగ్గరికొచ్చాక "స్వామీ, కుడిపక్కనుంచి" అని మామూలు గొంతుతో. భుజం పక్కకొచ్చి ఒక్కసారిగా గంట కొడితే ఉలిక్కిపడి అటో ఇటో అడుగు వేస్తారు, గుద్దుకునేది అప్పుడే.

టిఫిన్‌కు ఆగినప్పుడు సైకిళ్లు హోటల్ గుమ్మానికి, మోటారుసైకిళ్ల వరసకు అడ్డం పెట్టకండి. "అన్నా, ఈ గోడకు ఆనించుకోవచ్చా?" అని అడగండి. సున్నం గోడకు నల్ల హ్యాండిల్ మరక పడితే పోదు. ఒకరి సైకిలు మీద ఇంకొకరిది ఆనించొద్దు. ఆనించక తప్పకపోతే చైన్ లేని ఎడమపక్క ఆనించండి. చైన్ వైపు బరువు పడితే డిరైలర్ హ్యాంగర్ వంగుతుంది, ఆ సంగతి రేపు ఘాట్ ఎక్కుతూ పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చినప్పుడు, డిరైలర్ చువ్వల్లోకి పోయాక తెలుస్తుంది. అడగకుండా మరొకరి సైకిలు ఎత్తి బరువు చూడటం, గేర్లు నొక్కి చూడటం చేయకండి. ఆగిన సైకిలు మీద గేరు నొక్కితే తొక్కడం మొదలుపెట్టగానే చైన్ ఎగిరిపడుతుంది. ఊరి పిల్లలు వచ్చి ముట్టుకుంటే మాత్రం కసురుకోకండి. గంట కొట్టనివ్వండి, బ్రేకు ఎలా పట్టుకుంటుందో చూపించండి.

క్లీట్ బూట్లతో (పెడల్‌కు బిగుసుకునే ముక్క అడుగున ఉన్నవి) పాలిష్ బండల మీద టకటక నడిస్తే గీతలు పడతాయి, జారతారు కూడా. కవర్లు తొడుక్కోండి లేదా గుమ్మం దగ్గరే విప్పండి. సీసాలు నింపుకోవాలంటే ఏదైనా కొన్నాక అడగండి. ఆరుగురు రెండేసి సీసాలు నింపితే పది లీటర్లు, అది ఒక క్యాన్‌లో సగం. దానికి డబ్బు ఇస్తామని మనమే అనాలి.

డిండి జలాశయం దాటేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఎదురుగాలి ఉంటే జట్టు తునకలయ్యేది ఇక్కడే. నీడలో అరగంట ఆగండి. అందరికన్నా ఆఖరున వచ్చినవాడు రాగానే "పదండి" అనడం చాలా జట్లలో కనిపిస్తుంది. ముందొచ్చినవాళ్లు పదిహేను నిమిషాలు కూర్చుని ఉంటారు, ఎక్కువ విశ్రాంతి కావాల్సినవాడికి ఒక్క నిమిషమూ దక్కదు. చివరివాడు వచ్చాక కనీసం పది నిమిషాలు ఆగాలి. ఎప్పుడు కదలాలో అతన్నే చెప్పమనండి.

హాజీపూర్ దాటాక మన్ననూరుకు ఎక్కే చిన్న ఘాట్‌తో రోజు ముగుస్తుంది. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. లేదంటే అచ్చంపేటలో లాడ్జీలున్నాయి. అప్పుడు రేపటి దూరం కొంత పెరుగుతుంది.

రెండో రోజు: మన్ననూరు – శ్రీశైలం, సుమారు 75 కి.మీ.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9నుంచి పొద్దున 6దాకా మూసి ఉంటుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇక్కడే మొదలవుతుంది. తెరిచాక వెలుగు బాగా వచ్చేదాకా ఆగి, 6:30కో 7కో లోపలికి పోండి. చెక్‌పోస్టులో ఎంతమంది పోతున్నారో చెప్పండి, వాళ్లు ఆ రోజు దారి ఎలా ఉందో చెబుతారు. దూరంగా చిరుత తిరుగుతోందని, ఆగి రమ్మని అంటే వాదించకండి. పాయకానా పనులు, టిఫిను, నీళ్లు అన్నీ మన్ననూరులోనే ముగించండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి.

ఈరోజు జట్టు రూపం మారుతుంది. నిన్నటిలా వరసలో దగ్గరగా ఉండాల్సిన పని లేదు, అయితే ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. జంటలుగా విడగొట్టండి, బలమున్నవాడికి బలం తక్కువున్నవాడు జత. జంటలో ఒకరికి పంక్చర్ అయితే రెండోవాడు ఆగుతాడు, వెనక జంట వచ్చి ఆగుతుంది. ముందుపోయినవాళ్లు తర్వాతి ఊళ్లో ఆగుతారు. మొదటి ఆగే చోటు వటవర్లపల్లి, రెండోది దోమలపెంట. ఇవి పొద్దునే అందరికీ చెప్పాలి, ఫోను చేసి చెప్పుకుందాం అనుకుంటే ఇక్కడ కుదరదు.

పంక్చర్ వేసే పని తొందరగా అయిపోవాలంటే చేతులు ఎక్కువైతే చెడుతుంది. ఒకరు చక్రం తీస్తారు, ఒకరు కొత్త ట్యూబులో నోటితో కాస్త గాలి ఊది గుండ్రంగా చేస్తారు, ఒకరు రోడ్డు వైపు నిలబడి బండ్లు చూస్తారు. మిగతావాళ్లు రోడ్డు దిగి నిలబడాలి. టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమందే కొత్త ట్యూబు వేయొద్దు. ముల్లు టైరులోనే ఉండిపోవడం వల్లే పది నిమిషాల్లో రెండో పంక్చర్ వస్తుంది. సైకిలు సొంతదారు "నేనే చేసుకుంటా" అంటే చేసుకోనివ్వండి. పంపు కొట్టేటప్పుడు మాత్రం వంతులేసుకోండి. చిన్న పంపుతో 70 పీఎస్ఐ రావాలంటే 200 దాటి కొట్టాలి.

అడవిలో స్పీకరు పెట్టి పాటలు వినొద్దు. ఇయర్‌ఫోన్లు అంతకన్నా వద్దు. సైకిలు చప్పుడు చేయదు. మనకు బాగున్న ఆ గుణమే ఇక్కడ ప్రమాదం, మలుపు తిరిగాక ఎలుగుబంటికి హఠాత్తుగా ఎదురుపడతాం. దగ్గరగా ఉలిక్కిపడ్డ ఎలుగు మీద పడుతుంది. అందుకే కనిపించని మలుపుల్లో జంటలో ఇద్దరూ మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పోతే చాలు. జంతువు రోడ్డు మీద ఉంటే దూరంగానే ఆగండి, వెనక్కి మరలి పరుగుతీయొద్దు, ఫొటో కోసం ముందుకు పోవద్దు. బస్సో లారీయో వచ్చేదాకా ఆగి, డ్రైవరును అడిగి ఆ బండి పక్కన సాగండి.

జెల్ పొట్లాలు, చిక్కీ కాగితాలు, పాత ట్యూబులు, ప్యాచ్ వెనక ప్లాస్టిక్ ముక్కలు అన్నీ తిరిగి సంచిలోకే పోవాలి. వాడి పారేసే ప్లాస్టిక్ ఇక్కడ నిషేధం. అరటితొక్క మట్టిలో కలుస్తుంది కదా అని విసిరేవాళ్లున్నారు. ఆ తొక్క కోసం కోతి రోడ్డు మీదికొస్తుంది, బండి కింద పడుతుంది. కోతులకు ఏమీ పెట్టొద్దు. హ్యాండిలు సంచికి జిప్పు వేసి ఉంచండి, లోపల పల్లీ వాసన వస్తే చాలు, ఆగిన నిమిషంలో మీద దూకుతాయి.

రోడ్డు పక్క పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, చెంచులుంటారు. ఇది వాళ్ల ఊరు, వాళ్ల వాకిలి. ఫొటో తీయాలంటే అడగండి, వద్దంటే ఊరుకోండి. పిల్లలకు చాక్లెట్లు విసరడం దయ అనుకుంటారు కొందరు. ఆ అలవాటుతో పిల్లలు ప్రతి బండి వెంటా రోడ్డు మీద పరిగెత్తుతారు.

దోమలపెంట, ఈగలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు. ఇక్కడ మర్యాద తప్పితే ఆసుపత్రి పాలవుతారు. దిగే ముందు అందరూ ఆగి బ్రేకులు నొక్కి చూసుకోండి. వేగంగా దిగేవాళ్లు ముందు, భయపడేవాళ్లు వెనక, మధ్య మూడు నాలుగు సెకన్ల దూరం. భయపడేవాణ్ణి "రా, ఏం కాదు" అని తొందరపెట్టకండి, అతను తన వేగంలో దిగితేనే క్షేమం. దిగుడులో దాటాలంటే తిన్నని చోట, కుడిపక్కనుంచి, "కుడిపక్క" అని చెప్పి. మలుపు లోపలినుంచి దూరడం ఎవరికీ తగదు. ముందువాడు తన గీత ఎంచుకుని మలుపులోకి ఒరిగాక అటు చూడలేడు. బ్రేకు పట్టుకునే ఉంచితే రిమ్ములు, డిస్కులు కాగిపోతాయి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలి, మళ్లీ పట్టండి.

ఘాట్‌లో ఎక్కే బండికే దారి. దిగేవాళ్లకు ఆగి మళ్లీ కదలడం తేలిక, నిండు బస్సుకు ఎక్కుడులో ఆగి కదలడం కష్టం. హెయిర్‌పిన్ మలుపులో ఆర్టీసీ బస్సు వెనకభాగం మలుపు లోపలి అంచుకు ఒరుసుకుంటూ పోతుంది. ఆ సందులో సైకిలు ఉండకూడదు. బస్సు తిరిగేదాకా మలుపుకు పైనే ఆగి చేయి ఊపి రమ్మనండి, డ్రైవరు తలూపి పోతాడు.

ఆనకట్టకు 12 గేట్లు, పొడవు 512 మీటర్లు. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లెత్తితే చూడటానికి జనం రోడ్డు నిండా నిలబడతారు, కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకుంటాయి. దిగి నడిపించుకుంటూ పోవడమే మంచిది. ఆనకట్టకు దిగువనున్న వంతెన దాటితే లింగాలగట్టు. అక్కడినుంచి సున్నిపెంట మీదుగా శ్రీశైలం దాకా ఎక్కుడు.

ఎక్కుడులో ఎవరి కాళ్లు వాళ్లవి. జట్టు విడిపోవాలి, విడిపోనివ్వాలి. పక్కన తొక్కుతూ అర చక్రం ముందుంచుకుని పక్కవాణ్ణి అలసిపోయేలా చేయడం ఒక దురలవాటు. చేసేవాడికి తెలియకుండానే జరుగుతుంది, పక్కవాడు మాట్లాడటం మానేశాడంటే అదే జరుగుతోందని గుర్తు. పైకి చేరినవాళ్లు మలుపులో కాకుండా రోడ్డు వెడల్పుగా ఉన్న చోట, తారు దిగి ఆగాలి. కిందికి వెళ్లి చివరివాడితో మళ్లీ ఎక్కడం మంచి అలవాటే, కానీ అతని పక్కన తేలిగ్గా కబుర్లు చెబుతూ తొక్కకండి. ఎగశ్వాసలో ఉన్నవాడికి ప్రశ్నలు వేయొద్దు. అడగకుండా వీపు మీద చేయి పెట్టి తోయనూ వద్దు, పట్టు తప్పుతుంది.

మూడో రోజు: శ్రీశైలం

ఈరోజు సైకిళ్లకు విశ్రాంతి. సత్రంలో గదిలోకి సైకిలు తీసుకుపోవచ్చేమో కౌంటరులో అడగండి. ఒప్పుకుంటే టైర్లు తుడిచి, చైన్ వైపు గోడకు తగలకుండా, కింద పాత కాగితం పరిచి పెట్టండి. సత్రం తువ్వాలుతో చైన్ తుడిస్తే ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోదు. తడి బట్టలు వరండా కమ్మీల మీద కాకుండా సొంత తాడు మీద ఆరేయండి.

సైకిలు నిక్కర్లతో గుడికి పోవద్దు. స్పర్శ దర్శనానికి మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీరో చుడీదారో కావాలి. పలుచని పంచె మడిస్తే సీటు కింద సంచిలో పడుతుంది. ఉగాది ముందు వస్తే అడవిదారిన కన్నడ భక్తులు వేలల్లో కాలినడకన వచ్చి ఉంటారు, వాళ్ల పాదాలు బొబ్బలెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో వీధుల్లో సైకిలు ఎక్కకుండా నడిపించడమే పద్ధతి.

సాయంత్రం గంటసేపు బోల్టులు, బ్రేకు ప్యాడ్లు చూడండి. ఎవరి ట్యూబు ఎవరు వాడారో ఈ రోజే రాసుకోండి.

నాలుగో రోజు: శ్రీశైలం – మార్కాపురం రోడ్డు, సుమారు 85 కి.మీ.

శిఖరం (శిఖరేశ్వరుడి గుడి) దాకా ఎక్కి, అక్కడినుంచి నల్లమల గుండా దోర్నాలకు దిగాలి, సుమారు 50 కి.మీ. ఈ వైపు గేటుకూ రాత్రి మూసివేత ఉంది. రెండో రోజు పద్ధతులే ఇక్కడా. శిఖరం దగ్గర యాత్రికులు నువ్వులు పోసి నంది కొమ్ముల మధ్య చూసేందుకు ఆగుతారు, ఆటోలు వెనక్కి మళ్లుతుంటాయి. అక్కడ ఆగేవాళ్లు పూర్తిగా పక్కకు పోయి ఆగండి.

దోర్నాలనుంచి మైదానం. నాలుగో రోజుకు మాటలు తగ్గిపోతాయి, సైగలు కూడా తగ్గిపోతాయి, పడిపోవడాలు ఇక్కడే ఎక్కువ. మొదటి రోజు మాటలన్నీ మళ్లీ మొదలుపెట్టండి. ఎవరైనా చిరాకుగా ఉంటే కారణం చాలావరకు ఆకలే. ముందు ఒక అరటిపండు, ఓఆర్‌ఎస్ ఇవ్వండి, మాట తర్వాత.

మార్కాపురం పలకల ఊరు. రైలుకు చాలా ముందుగా స్టేషనుకు చేరి, ఆ రైలులో సైకిలు ఎక్కించే వీలుందో పార్సిల్ ఆఫీసులో అడగండి. రైలు ఆగేది కొద్దిసేపే కాబట్టి ఎక్కించేవాళ్లకు పని తేలిక చేయాలి. లైట్లు, సీసాలు, మీటరు, సంచులు విప్పేయండి. వెనక గేరు అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి తెస్తే డిరైలర్ లోపలికి ముడుచుకుంటుంది, దానికి అట్టముక్క కట్టండి. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను రాసిన అట్ట ఫ్రేముకు ఒకటి, హ్యాండిలుకు ఒకటి. ముందు చక్రం అటూఇటూ తిరగకుండా పాత ట్యూబు ముక్కతో ఫ్రేముకు కట్టండి. సైకిలును ఎక్కడ పట్టుకుని ఎత్తాలో, సీటు గొట్టం, ముందు ఫోర్కు, హమాలీ అన్నకు చూపించండి. మనమూ ఒక చేయి వేయాలి.

రైలు వచ్చేలోగా జట్టు డబ్బు లెక్క చూడండి, మిగిలింది సమానంగా పంచండి. ట్యూబు తీసుకున్నవాడు డబ్బు ఇవ్వడం కన్నా అదే సైజు, అదే వాల్వు పొడవున్న కొత్త ట్యూబు వారంలోగా కొనిచ్చేయాలి. డబ్బు జేబులో కలిసిపోతుంది, తర్వాతి ప్రయాణానికి సంచి తెరిస్తే అక్కడ ట్యూబు ఉండదు.